కప్పు లేని ఆట

రాజోలు దగ్గర ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక తల్లి ఉంది. కొబ్బరి పీచు మిల్లులో పని చేస్తుంది. చిన్నప్పుడు ఆమె బడికి పోలేదు. పెద్దయ్యాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. ఇప్పుడు బస్సు బోర్డు చదువుతుంది. రేషన్ కార్డు మీద పేర్లు చదువుతుంది. కూడబలుక్కునే చదువుతుంది. అయినా తనే చదువుతుంది. ఇంకొకళ్ళ చేత చదివించుకోదు.

ఆమె కూతురు తొమ్మిదో తరగతి. బడిలో ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు ఉంది. ఆ పిల్ల అందులో ఆడుతుంది.

ఒక సాయంత్రం పిల్ల ఒక కాగితం తెచ్చింది. తల్లి దాన్ని దీపం దగ్గరకు తీసుకుపోయింది. వేలు పెట్టి ఒక్కో మాట చదివింది.

"ఆదివారం అమలాపురంలో స్నేహపూర్వక పోటీ జరుగును. బహుమతులు లేవు. తల్లి గాని తండ్రి గాని సంతకం చేయవలెను."

ఆమె తలెత్తింది.

"బహుమతులు లేవని రాసుందేటే?"

"లేవమ్మా. ఊరికే ఆడతాం."

"కప్పు?"

"లేదు."

"సర్టిఫికెట్టన్నా ఇత్తారా?"

"అదీ లేదు. అసలు పోటీలు వచ్చే నెల్లో ఉన్నాయి. ఇది వాటికి ముందాట."

"మరి ఈ వట్టి ఆటకి అమలాపురం దాకా ఎందుకే? ఆదివారం ఇంట్లో ఉంటే నాలుగు బట్టలన్నా ఉతుకుతావు."

పిల్ల ఏమీ అనలేదు. కాగితం గూట్లో పెట్టింది. ఆ రాత్రి సరిగ్గా అన్నం తినలేదు.

తల్లి అడిగింది తప్పు ప్రశ్న కాదు. డబ్బు ఖర్చవుతుంది. ఒక రోజు పోతుంది. ఆడపిల్ల ఊరు దాటి పోతుంది. ఇన్ని పోయేటప్పుడు వచ్చేది ఏమిటి అని ఎవరైనా అడుగుతారు. అడగాలి కూడా. పెద్ద పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బుల వాళ్ళు కూడా ఇదే ప్రశ్న వేసుకుంటారు. జవాబు తెలుసుకోవాలంటే ముందు వంటింట్లోకి వెళ్ళాలి.

మొదటి అట్టు

పెనం పొయ్యి మీద పెడతారు. నూనె రాస్తారు. మొదటి అట్టు పోస్తారు. అది ఒక్కోసారి అంటుకుపోతుంది. ఒక్కోసారి మాడుతుంది. ఒక్కోసారి మధ్యలో పచ్చిగా ఉంటుంది. ఆ అట్టు చుట్టానికి పెట్టరు. అలాగని అది దండగ అట్టు కాదు. పెనం వేడి ఎంత ఉందో అది చెబుతుంది. పిండి పలచన అయిందా, గట్టిగా ఉందా, అదీ చెబుతుంది. ఉప్పు సరిపోయిందో లేదో కొరికి చూస్తే తెలుస్తుంది. ఆ తర్వాత మంట తగ్గిస్తారు. పిండిలో కాసిని నీళ్ళు కలుపుతారు. రెండో అట్టు బాగా వస్తుంది.

సీజను ముందు ఆడే ఆట ఈ మొదటి అట్టు లాంటిది. దీన్నే ఫ్రెండ్లీ మ్యాచ్ అంటారు. స్నేహపూర్వక పోటీ అని కాగితాల్లో రాస్తారు. పేరు స్నేహం అయినా ఆడేటప్పుడు ఎవరూ ఊరుకోరు. గట్టిగానే ఆడతారు. కాకపోతే గెలిచినా ఓడినా లెక్కలో రాయరు. పట్టికలో ఎవరూ పైకి పోరు. ఎవరూ కిందికి జారరు.

అసలు పోటీలో ఓడితే ఖరీదు ఉంటుంది. ఇక్కడ ఓటమికి ఖరీదు లేదు. అందుకే తప్పులు ఇక్కడ చేస్తారు. ఇక్కడ చేసిన తప్పును అక్కడ చెయ్యకుండా చూసుకుంటారు.

మెట్ల మీద క్లబ్బులు

కోనసీమలో కబడ్డీ అందరికీ తెలుసు. సంక్రాంతికి ఊరూరా ఆడతారు. వాలీబాల్ కూడా తెలుసు. ఫుట్‌బాల్ కొంచెం తక్కువ. కానీ కువైట్, దోహా, మస్కట్ పనికి పోయి వచ్చిన అక్కలను అడిగి చూడండి. అక్కడ ఫుట్‌బాల్ అంటే ఎంత పిచ్చో వాళ్ళు చెబుతారు. 2022లో ప్రపంచ కప్పు ఖతార్ దేశంలోనే జరిగింది. దోహా ఆ దేశపు రాజధాని.

ఫుట్‌బాల్ జట్టులో 11 మంది ఆడతారు. ఆట 90 నిమిషాలు. 45 నిమిషాలు ఒక సగం, 45 నిమిషాలు ఇంకో సగం. గోల్ కాసే మనిషి ఒక్కరే బంతిని చేత్తో పట్టవచ్చు. మిగతా పదిమందీ కాలితో, తలతో, ఛాతీతో ఆడాలి.

జట్లను నడిపే సంఘాలను క్లబ్బులు అంటారు. కొన్ని క్లబ్బులు కలిసి ఒక వరుసగా ఆడతాయి. ఆ వరుస పేరు లీగు. లీగులో ప్రతి క్లబ్బు మిగతా అన్ని క్లబ్బులతోనూ ఆడాలి. గెలిస్తే 3 పాయింట్లు. సమానంగా ముగిస్తే 1 పాయింటు. ఓడితే సున్నా. నెలల తరబడి ఆడి చివరికి పాయింట్లు కూడతారు.

లీగులు మెట్లలాగ ఉంటాయి. పై మెట్టు మీద డబ్బున్న క్లబ్బులు. కింది మెట్ల మీద చిన్న క్లబ్బులు. ఇంగ్లండు దేశంలో పై మెట్టు మీద 20 క్లబ్బులు ఉన్నాయి. దాని కింద ఒక్కో మెట్టుకు 24 క్లబ్బుల చొప్పున మూడు మెట్లు. వాటి కింద ఇంకా ఎన్నో మెట్లు. బాగా ఆడితే పై మెట్టు ఎక్కవచ్చు. బాగా ఆడకపోతే కిందికి దిగాలి. దిగితే చూడటానికి వచ్చేవాళ్ళు తగ్గుతారు. డబ్బు తగ్గుతుంది. మంచి ఆటగాళ్ళు వెళ్ళిపోతారు.

మన వైపు క్లబ్బు ఒకటి చూడండి. పేరు శ్రీనిధి డెక్కన్. హైదరాబాదు క్లబ్బు. 2021-22లో ఐ-లీగు అనే మెట్టు మీద ఆడటం మొదలుపెట్టింది. ఆ తర్వాతి ఏళ్ళలో ఐ-లీగు పై నుంచి రెండో మెట్టు. 2022-23లో ఈ క్లబ్బు రెండో స్థానంలో నిలిచింది. 2023-24లో మళ్ళీ రెండో స్థానమే. ఆ రెండేళ్ళూ మొదటి స్థానం వచ్చిన క్లబ్బు పై మెట్టుకు పోయింది. రెండో స్థానం వచ్చినా పై మెట్టు ఎక్కలేదు. రెండేళ్ళ కష్టం అక్కడే ఆగింది.

ఇప్పుడు ఆలోచించండి. సీజను మొదట్లో రెండు మూడు ఆటలు తడబడి పోగొట్టుకుంటే ఏమవుతుంది? ఆ పాయింట్లు మళ్ళీ రావు. పెద్ద క్లబ్బుకు ముప్ఫై మంది ఆటగాళ్ళు ఉంటారు. ఒకరు ఆడలేకపోతే ఇంకొకరిని దింపుతారు. డబ్బు పెట్టి మధ్యలో కొత్తవాళ్ళను తెచ్చుకుంటారు. చిన్న క్లబ్బుకు ఆ వీలు లేదు. ఉన్నవాళ్ళతోనే నెట్టుకు రావాలి. అందుకే ముందాట పెద్ద క్లబ్బుకు ఎంత అవసరమో చిన్న క్లబ్బుకు అంతకంటే ఎక్కువ అవసరం. ఒక్క పెనం ఉన్న ఇల్లాలు పెనాన్ని జాగ్రత్తగా చూసుకోవాలి కదా.

ఇంగ్లండులో సీజను ఆగస్టులో మొదలవుతుంది. జులై నెలలో అన్ని మెట్ల క్లబ్బులూ ఫ్రెండ్లీలు ఆడతాయి. అక్కడ ఒక మంచి పద్ధతి ఉంది. పెద్ద క్లబ్బు ఒక్కోసారి చిన్న ఊరి క్లబ్బు దగ్గరకు వచ్చి ఆడుతుంది. ఆ రోజు ఊరంతా చూడటానికి వస్తుంది. టికెట్ల డబ్బు, టీ కొట్టు డబ్బు చిన్న క్లబ్బుకు ఎంతో ఆసరా. బంతులు కొనాలన్నా, గడ్డి కోయించాలన్నా ఆ డబ్బు పనికివస్తుంది.

హైదరాబాదు మాస్టారు

ఇప్పుడు ఒక బడి పంతులు గారి కథ. ఇది కట్టుకథ కాదు. జరిగిన సంగతి.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1909లో హైదరాబాదులో పుట్టారు. బడిలో పాఠాలు చెప్పేవారు. ఫుట్‌బాల్ ఆడేవారు. తర్వాత ఆట నేర్పే గురువు అయ్యారు. అలాంటి గురువును కోచ్ అంటారు. అందరూ ఆయన్ను రహీమ్ సాబ్ అని పిలిచేవారు.

రహీమ్ మాస్టారు ఒక సంగతి గమనించారు. కుడికాలు వాటం ఉన్న కుర్రాడు ఎప్పుడూ కుడికాలితోనే తంతాడు. బంతి ఎడమ పక్కకు వస్తే తిరిగి సర్దుకుంటాడు. ఆ సర్దుకునే లోపల ఎదుటివాడు వచ్చి బంతి పట్టుకుపోతాడు. దీనికి ఆయన ఒక ఉపాయం చేశారు. వాటం లేని కాలితోనే ఆడాలని పోటీలు పెట్టారు.

ఒక్కసారి ఊహించండి. ఎడమ చేత్తో ముగ్గు వేసే పోటీ పెడితే ఎలా ఉంటుంది? మొదట గీతలు వంకర పోతాయి. అందరూ నవ్వుతారు. పది రోజులు వేస్తే చెయ్యి తిరుగుతుంది. ఆ కుర్రాళ్ళ కాళ్ళు కూడా అలాగే తిరిగాయి.

ఆయన ఇంకో రకం పోటీ కూడా పెట్టారు. అందులో బంతిని తన దగ్గరే ఉంచుకుని దొర్లించుకుంటూ పోకూడదు. వచ్చిన బంతిని వెంటనే తోటివాడికి అందించాలి. కొందరు పిల్లలు ఉంటారు. బంతి దొరికితే ఎవరికీ ఇవ్వరు. ఒక్కళ్ళే గోలు కొట్టాలని చూస్తారు. ఆ అలవాటు ఈ పోటీతో పోయింది.

ఈ పోటీల్లో ఎవరు గెలిచారు? అది ఇప్పుడు ఎవరూ చెప్పుకోరు. ఆ ఆటల్లో నేర్చుకున్న కుర్రాళ్ళు ఏం చేశారో మాత్రం చెప్పుకుంటారు.

రహీమ్ మాస్టారు 1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు ఆట నేర్పారు. అప్పట్లో కలకత్తా జట్లకు పెద్ద పేరు. పోలీసు జట్టు 1950లో డ్యూరాండ్ కప్పు గెలిచింది. బొంబాయిలో రోవర్స్ కప్పు అనే పోటీ జరిగేది. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు ఆ కప్పు హైదరాబాదుకే వచ్చింది.

ఆయన భారత జట్టుకు కూడా కోచ్. అక్కడ ఒక చేదు రోజు ఉంది. దాన్ని దాచిపెట్టనవసరం లేదు. 1952లో ఒలింపిక్ పోటీలు ఫిన్లాండు దేశంలో జరిగాయి. ఆ ఊరి పేరు హెల్సింకి. అది చలి దేశం. మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఇక్కడ వట్టి కాళ్ళతో ఆడటం వాళ్ళకు అలవాటు. ఆ అలవాటు అక్కడ పనికిరాలేదు. యుగొస్లావియా జట్టు 10 గోళ్ళు కొట్టింది. మనవాళ్ళు కొట్టింది ఒక్కటే. ఆ ఒక్క ఆటతో మన జట్టు ఇంటిదారి పట్టింది.

మన పద్ధతి అక్కడ నప్పదన్న సంగతి అసలు పోటీలోనే బయటపడింది. అలాంటి చోట అలాంటి జట్టుతో ముందే నాలుగు ఆటలు ఆడి చూసుకుని ఉంటే? అంత పెద్ద ఓటమి తప్పేదేమో. ఆ తర్వాత బూట్లు వేసుకోవాలని ఫుట్‌బాల్ పెద్దలు నియమం పెట్టారు.

నాలుగేళ్ళు గడిచాయి. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను వాళ్ళ దేశంలోనే 4-2 తో ఓడించింది. మొత్తం మీద నాలుగో స్థానం వచ్చింది. 1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగాయి. అక్కడ మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2 తో ఓడిపోయారు. తర్వాత కుదుటపడ్డారు. సెప్టెంబర్ 4న ఫైనల్. ఎదురుగా మళ్ళీ ఆ దక్షిణ కొరియానే. ఈసారి మనవాళ్ళు 2-1 తో గెలిచారు. బంగారు పతకం తెచ్చారు. అప్పటికే రహీమ్ మాస్టారుకు కాన్సర్. మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు. ఆయన కథతో 2024లో మైదాన్ అని హిందీ సినిమా వచ్చింది.

ఆ బంగారు పతకం జట్టులో తులసీదాస్ బలరాం అనే ఆటగాడు ఉన్నాడు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టాడు. పేద ఇల్లు. హైదరాబాదు వచ్చి సాధన చెయ్యడానికి దారి ఖర్చులకు డబ్బు లేదు. సైకిలు మీద రావడానికి రహీమ్ మాస్టారే సాయం చేశారు. సాధనకు పోయే దారి ఖర్చు దండగ అని ఆనాడు ఎవరైనా అనుకుని ఉంటే ఆ బలరాం ఎవరికీ తెలిసేవాడు కాదు.

ముందాటలో ఏం తెలుస్తుంది

ఊపిరి సంగతి మొదట తెలుస్తుంది. సెలవుల్లో ఒళ్ళు బద్ధకిస్తుంది. పెద్ద క్లబ్బుల ఆటగాళ్ళు ఒక్క ఆటలో దాదాపు 10 కిలోమీటర్లు తిరుగుతారు. కొంతసేపు నడక, కొంతసేపు పరుగు. సెలవుల నుంచి వచ్చిన మనిషిని ఒకేసారి 90 నిమిషాలు పరుగెత్తిస్తే కండరం పట్టేస్తుంది. అందుకే మొదటి ఫ్రెండ్లీలో సగం ఆటే ఆడిస్తారు. తర్వాత గంట. ఆ తర్వాత పూర్తి ఆట. నాట్లకు పోయిన మొదటి రోజు నడుము ఎలా పట్టేస్తుందో అక్కలకు వేరే చెప్పాలా? నాలుగో రోజుకు అలవాటవుతుంది. ఇదీ అంతే.

రెండోది, పిలుపు. ఇది చూడటానికి చిన్న సంగతి. అసలు కిటుకు ఇందులోనే ఉంది. బంతి గాల్లోంచి వస్తుంది. గోల్ కాసే పిల్ల పట్టుకోవాలా? వెనక ఆడే పిల్ల తన్నాలా? ఇద్దరూ ఊరుకుంటే బంతి గోల్లోకి పోతుంది. ఇద్దరూ పోతే ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటారు. "నాది" అని ఒకళ్ళు గట్టిగా అరవాలి. రెండోవాళ్ళు ఆగాలి. తమలో తాము ఆడుకునేటప్పుడు ఈ తడబాటు అంతగా కనపడదు. ఎదుట తెలియని జట్టు ఉన్నప్పుడే బయటపడుతుంది. బడిలో సాధన ఎంత చేసినా బయటి జట్టుతో ఆడాలనేది ఇందుకే.

ఆడపిల్లలకు ఈ అరుపు కొంచెం కష్టం. గట్టిగా అరవకూడదని చిన్నప్పటి నుంచీ ఇంట్లో చెబుతారు కదా! మైదానంలో ఆ నేర్పిన నెమ్మదితనం పనికిరాదు.

మూడోది, కొత్తవాళ్ళు. అసలు పోటీలో మార్చుకునే ఆటగాళ్ళకు లెక్క ఉంటుంది. పెద్ద పోటీల్లో ఇప్పుడు అయిదుగురిని మార్చనిస్తారు. ఫ్రెండ్లీలో రెండు జట్లూ మాట్లాడుకుని ఎంతమందినైనా మార్చుకోవచ్చు. ఎప్పుడూ బయట కూర్చునే పిల్లకు అక్కడ ఆట దొరుకుతుంది. ఆ పిల్లలో ఏముందో అప్పుడు తెలుస్తుంది.

మరి బలమైన జట్టుతో ఆడాలా, బలహీనమైన జట్టుతోనా? కొన్ని క్లబ్బులు తేలిక జట్లనే చూసుకుంటాయి. 8 గోళ్ళు, 9 గోళ్ళు కొట్టి సంబరపడతాయి. అది తమను తాము మోసం చేసుకోవడమే. అలాంటి ఆటలో తమ తప్పులు కనపడవు. ఒకటి తేలిక జట్టుతో ఆడినా, రెండు గట్టి జట్లతో ఆడటం మంచిది.

మన దేశపు ఆడపిల్లలు అదే చేశారు. 2025లో ఆసియా కప్పు అర్హత పోటీలకు ముందు భారత మహిళల జట్టు బెంగళూరులో ఉజ్బెకిస్తాన్ జట్టుతో ఫ్రెండ్లీలు ఆడింది. ఒక్కటీ గెలవలేదు. తర్వాత అసలు పోటీలకు థాయ్‌లాండు వెళ్ళింది. అక్కడ జులై 5న థాయ్‌లాండు జట్టును వాళ్ళ గడ్డ మీదే 2-1 తో ఓడించింది. 2026 ఆసియా కప్పుకు అర్హత సంపాదించింది. ఆ జట్టులో తెలుగు నేల పిల్ల ఉంది. పేరు గుగులోత్ సౌమ్య. నిజామాబాద్ వైపు తండాలో పుట్టింది. 2022లో క్రొయేషియా దేశం వెళ్ళి డైనమో జాగ్రెబ్ అనే క్లబ్బులో చేరింది. తండా నుంచి క్రొయేషియాకు దారి ఎంత పొడుగో దేశపటంలో చూడండి.

ఖర్చు లెక్క

ఒక చిన్న జట్టు పక్క ఊరు వెళ్ళి ఫ్రెండ్లీ ఆడాలి. ఎంత ఖర్చవుతుంది? కాగితం మీద రాసి చూడండి. ఈ అంకెలు లెక్క కోసం అనుకున్నవి.

మొత్తం 18 మంది. రానూ పోనూ బస్సు టికెట్ మనిషికి 60 రూపాయలు అనుకుందాం. 18 సార్లు 60 అంటే 1080. భోజనం, అరటిపళ్ళు మనిషికి 50 రూపాయలు. 18 సార్లు 50 అంటే 900. మైదానంలో గీతలు గియ్యడానికి సున్నం 120. అన్నీ కూడితే 2100 రూపాయలు.

ఆడపిల్లల జట్టు అయితే లెక్క మారుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేకుండా చేశారు. 18 మందిలో డ్రిల్లు మాస్టారు ఒక్కరే మగమనిషి అనుకుంటే టికెట్ ఆయనకు ఒక్కరికే. 60 రూపాయలు. అప్పుడు మొత్తం ఎంత? 60, 900, 120 కూడండి. 1080 రూపాయలు. ముందు లెక్కలో బస్సు టికెట్లకే అంత పోయింది.

భోజనం ఇళ్ళ నుంచి కట్టుకుపోతే ఇంకా తగ్గుతుంది. ఎదుటి జట్టు మన ఊరు వస్తే మన ఖర్చు సున్నంతో, మంచినీళ్ళతో పోతుంది. ఒకసారి వాళ్ళ ఊళ్ళో, ఒకసారి మన ఊళ్ళో ఆడుకునే పద్ధతి అందుకే వచ్చింది. వాయనం ఇచ్చి పుచ్చుకున్నట్టు.

తల్లులు అడగవలసినవి

ఫ్రెండ్లీ కదా అని ఏర్పాట్లు తేలికగా తీసుకోకూడదు. ఎండ సంగతి చూడాలి. పొద్దున్నే గాని, సాయంత్రం గాని ఆడించాలి. మిట్టమధ్యాహ్నం వద్దు. నీళ్ళు సరిపడా ఉండాలి. ఉప్పు, పంచదార వేసిన నిమ్మరసం మంచిది. కోనసీమలో కొబ్బరి బొండాలకు కరువేముంది? దెబ్బ తగిలితే వెయ్యడానికి మందుపెట్టె ఉండాలి. బెణికిన కాలితో పిల్లను మళ్ళీ ఆటలోకి దింపకూడదు. లెక్కలో రాయని ఆట కోసం కాలు పోగొట్టుకునే అవసరం లేదు.

నెలసరి రోజుల్లో ఆడవచ్చా అని చాలామంది తల్లులు అడుగుతారు. ఓపిక ఉంటే ఆడవచ్చు. ఆడితే ఏమీ కాదు. నొప్పి ఎక్కువగా ఉంటే ఆ రోజు కూర్చోవచ్చు. ఈ మాట మగ మాస్టారుకు చెప్పడానికి పిల్లలు సిగ్గుపడతారు. అందుకని జట్టు వెంట ఒక టీచరమ్మ ఉండి తీరాలి. బట్టలు మార్చుకోవడానికి తలుపు ఉన్న గది, మరుగుదొడ్డి ఉన్నాయో లేవో ముందే కనుక్కోవాలి. ఇవి అడగడానికి తల్లులు మొహమాటపడకూడదు. జట్టును పంపేవాళ్ళు చెప్పి తీరాలి.

ఆ ఆదివారం

రాజోలు దగ్గర ఆ తల్లి మర్నాడు మిల్లుకు పోతూ బడి దగ్గర ఆగింది. డ్రిల్లు మాస్టారు కనపడ్డారు.

"మాస్టారండీ, బహుమతి లేని ఆటకి పిల్లల్ని ఎందుకండీ తిప్పడం?"

ఆయన నవ్వలేదు. ఉన్నమాట చెప్పారు. "అమ్మా, మన పిల్లలు ఇప్పటిదాకా మన పిల్లలతోనే ఆడారు. బయటి జట్టును చూడలేదు. వచ్చే నెల పోటీలో మొదటిసారి చూస్తే బెదిరిపోతారు. ఆ బెదురేదో ఇక్కడ తీరిపోవాలండీ."

ఆమె కాసేపు ఆలోచించింది. గూట్లోంచి తెచ్చిన కాగితం కొంగు ముడి విప్పి తీసింది. మాస్టారి పెన్ను అడిగింది. కిటికీ గట్టు మీద పెట్టి సంతకం చేసింది. కాగితం తిరిగి ఇవ్వలేదు. సంతకం కింద ఇంకో రెండు వరుసలు రాసింది. రాయడానికి చాలాసేపు పట్టింది.

"ఎన్ని గంటలకు తిరిగి వస్తారు? ఏ టీచరమ్మ వస్తారు?"

మాస్టారు చదివారు. ఆ కిందే జవాబు రాశారు. సాయంత్రం 6 గంటలకు అని, లెక్కల టీచరమ్మ అని. ఆ తర్వాత మిగతా పిల్లల కాగితాల మీద కూడా ఆ రెండు సంగతులూ రాయించారు.

ఆదివారం పిల్లలు 5-0 తో ఓడిపోయారు. ఇంటికి వచ్చేసరికి ఆరున్నర అయింది. తల్లి వీధి అరుగు మీదే కూర్చుని ఉంది.

"అయిదా?" అంది.

"అయిదు." పిల్ల బూట్లు విప్పుతోంది. "రెండు గోళ్ళు మా తప్పేనమ్మా. బంతి వచ్చింది. గోల్ దగ్గరున్న పిల్ల నన్ను చూసింది, నేను దాన్ని చూశాను. ఇద్దరం నోరు మెదపలేదు. బంతి మా మధ్య నుంచి పోయింది."

"మరి అరవకపోయావా?"

"అప్పుడు నోరు రాలేదు. మూడో గోలు తర్వాత అరిచాను. ఇంకోటి చెప్పనా? నా ఎడమకాలు దేనికీ పనికిరాదు. వాళ్ళకి అది తెలిసిపోయింది. అన్నీ ఎడమ పక్కకే తోశారు."

తల్లి అన్నం పెట్టింది. పిల్ల రెండోసారి వడ్డించుకుంది.

పది రోజులకు ఇంకో కాగితం వచ్చింది. ఈసారి అమలాపురం పిల్లలు రాజోలు వస్తారు. బహుమతులు లేవు అని ఇందులోనూ ఉంది. తల్లి ఒక్కసారి చదివి సంతకం పెట్టింది. వాళ్ళకు బొండాలు ఎవరు కొట్టిస్తున్నారు అని అడిగింది.

దొడ్లో ధబ్ ధబ్ మని చప్పుడు. పిల్ల ఎండు కొబ్బరి డొక్కను గోడకేసి తంతోంది. ఎడమకాలితో.

"గోడకి సున్నం వేసి వారం కాలేదే!" అని తల్లి లోపలి నుంచే కేకేసింది.

చప్పుడు కాసేపు ఆగింది. మళ్ళీ మొదలైంది.